సాల్జ్‌బర్గ్ వెళ్లేవాళ్లకు విమానం, హోటలు ధరలు మాత్రమే చెబితే చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధాల్లో యూరప్ యాత్రల వ్యాసాలు తరచుగా వస్తున్నాయి. ఫొటోలు బాగుంటాయి, ఊళ్ల చరిత్రా బాగుంటుంది. కానీ చివర్లో వేసే ఖర్చుల పెట్టెలో రెండే అంకెలు కనిపిస్తాయి: విమానానికి ఇంత, హోటలుకు ఇంత. ఆ రెండూ కూడుకుని బయల్దేరిన కుటుంబాలకు అక్కడికి వెళ్లాక ముప్పై నలభై వేలు తేడా వస్తోంది. ఇంకొందరు ముందు కట్టకూడనివి ముందే కట్టేసి, వీసా రాక మొత్తం పోగొట్టుకుంటున్నారు. అందుకే ఒక ఊరిని ఉదాహరణగా తీసుకుని లెక్కంతా రాస్తున్నాను. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్. లక్షన్నర పైచిలుకు జనాభా, 1756లో మొజార్ట్ పుట్టిన ఊరు, పాత పట్నం 1996 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. కాలినడకన తిరగగలిగే ఊరు కాబట్టి మనవాళ్లు ఇష్టపడతారు.

మొదట వీసా. 2024 జూన్ నుంచి షెంజెన్ వీసా (ఆస్ట్రియా, జర్మనీ సహా యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపువారికి లేదు. దరఖాస్తు తీసుకునే కేంద్రం సేవా రుసుము, కొరియరు దీనికి అదనం. వీసా నిరాకరిస్తే ఒక్క పైసా వెనక్కి రాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, కనీసం 15 రోజుల ముందు వరకు దరఖాస్తు పెట్టొచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, అవసరమనుకుంటే 45 రోజుల వరకు తీసుకునే అధికారం వాళ్లకుంది. ఏప్రిల్, మే నెలల్లో అపాయింట్‌మెంటు దొరకడమే కష్టం. వేసవి సెలవులకు వెళ్లాలంటే సంక్రాంతి అయిన వెంటనే కూర్చోవాలి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించే ప్రయాణ బీమా తప్పనిసరి, ఉండే రోజులన్నీ అందులో ఉండాలి. మనిషికి వెయ్యి, పదిహేను వందల్లో వస్తుంది. దీనివల్ల బడ్జెట్ పెరుగుతుందని భయపడనక్కర్లేదు.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతోంది. వీసాకు టికెట్టు అడుగుతారని చవక టికెట్టు, అంటే రద్దు చేస్తే డబ్బు రానిది, ముందే కొనేస్తున్నారు. దరఖాస్తుకు కావలసింది ప్రయాణ రిజర్వేషను, హోటల్ బుకింగు. డబ్బు కట్టేసిన టికెట్టే ఉండాలని లేదు. హోటలు ఉచితంగా రద్దు చేసుకునే రకం పెట్టుకోండి. విమానం టికెట్టు హోల్డ్‌లో పెట్టండి, లేదా రద్దు రుసుము తక్కువున్నది తీసుకోండి. డబ్బులు కట్టేది పాస్‌పోర్టు చేతికొచ్చాకే. అప్పటికి టికెట్టు ఐదారు వేలు పెరిగినా అది బీమా అనుకుని భరించాలి. నలుగురి టికెట్లు పోవడం కన్నా అది నయం.

ఏ దేశానికి దరఖాస్తు పెట్టాలన్నదీ ఖర్చుతో ముడిపడిన విషయమే. ఎక్కువ రాత్రులు ఎక్కడుంటే ఆ దేశానికే పెట్టాలి. సాల్జ్‌బర్గ్‌లో గదులు ఖరీదని సరిహద్దు అవతల, రైలులో పది నిమిషాలు కూడా పట్టని ఫ్రైలాసింగ్‌లో గది తీసుకునేవాళ్లున్నారు. ఫ్రైలాసింగ్ జర్మనీ. ఐదు రాత్రులూ అక్కడే పడుకుంటూ ఆస్ట్రియాకు దరఖాస్తు పెడితే కాగితాలు ఒకదానితో ఒకటి పొసగవు. పైగా కింద చెప్పబోయే ఉచిత ప్రయాణ సౌకర్యమూ పోతుంది. గదిలో మిగిలిన ఇరవై యూరోలు ఇంకో చోట పోయినట్టే.

హైదరాబాద్ నుంచి సాల్జ్‌బర్గ్‌కు నేరుగా విమానం లేదు. దగ్గరున్న పెద్ద విమానాశ్రయాలు మ్యూనిక్, వియన్నా. గల్ఫ్ మీదుగా రెండింటికీ వెళ్లొచ్చు, సీజన్‌ను బట్టి రానుపోను 55 వేల నుంచి 80 వేల దాకా అనుకోండి. రెండింటి మధ్య టికెట్టు తేడా చూసి నిర్ణయించుకునేవాళ్లు అక్కడి నుంచి రైలు ఖర్చు కూడా కలిపి చూడాలి.

వియన్నా విమానాశ్రయం నుంచి సాల్జ్‌బర్గ్‌కు నేరుగా రైలుంది, మూడు గంటల లోపే. మామూలు టికెట్టు 60 యూరోల పైమాటే. ఆస్ట్రియా రైల్వేవారి ‘స్పార్‌షీనె’ అనే రాయితీ టికెట్టు ముందే కొంటే ఇరవై, పాతికలో దొరకొచ్చు. కానీ ఆ టికెట్టు అందులో రాసిన ఒక్క రైలుకే చెల్లుతుంది. విమానం రెండు గంటలు ఆలస్యమైనా, ఇమిగ్రేషన్ లైనులో ఇరుక్కున్నా టికెట్టు వృథా. 2025 అక్టోబర్ నుంచి సరిహద్దు దగ్గర ముఖం ఫొటో, వేలిముద్రలతో నమోదు చేసే ఈఈఎస్ పద్ధతి మొదలైంది కాబట్టి మొదటిసారి వెళ్లేవాళ్లకు లైనులో సమయం ఎక్కువే పడుతుంది. అందుకని రాయితీ టికెట్టు తిరుగు ప్రయాణానికి కొనండి. వెళ్లేటప్పుడు దిగే సమయానికి కనీసం మూడు గంటల తర్వాతి రైలుకే కొనండి, లేదా దిగాక పూర్తి ధర పెట్టండి.

నలుగురు కలిసి వెళ్తుంటే మ్యూనిక్ దారి మేలు. ‘బయెర్న్ టికెట్’ అని ఒకటుంది. మొదటి మనిషికి 30 యూరోల పైచిలుకు, ఆపైన ఒక్కొక్కరికి పది చొప్పున, ఐదుగురి దాకా. జర్మనీ టికెట్టే అయినా సాల్జ్‌బర్గ్ స్టేషను దాకా చెల్లుతుంది. విమానాశ్రయం నుంచి ఎస్8 లోకల్ రైలులో మ్యూనిక్ ఊస్ట్ స్టేషనుకు, అక్కడ మారి ప్రాంతీయ రైలులో సాల్జ్‌బర్గ్‌కు. ఒక రైలు తప్పినా తర్వాతిది ఎక్కొచ్చు, ఆ రోజంతా అదే టికెట్టు. షరతులు మూడు: సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది, ఐసీఈ, ఐసీ, రైల్‌జెట్ వంటి ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కకూడదు, ప్రయాణించేవారి పేర్లు టికెట్టు మీద రాయాలి. ఈ మూడో దాన్ని చాలామంది వదిలేస్తారు, తనిఖీలో జరిమానా పడుతుంది. సరిహద్దు దగ్గర పోలీసు తనిఖీ ఉంటుంది కాబట్టి పాస్‌పోర్టు సూట్‌కేసులో కాకుండా చేతిసంచీలో ఉంచుకోవాలి.

గది అద్దె ఊరి కంటే తేదీని బట్టే ఎక్కువ మారుతుంది. ఇద్దరికి మామూలు గది రోజుకు 110 నుంచి 150 యూరోలు. సాల్జ్‌బర్గ్ సంగీతోత్సవం జూలై చివరి నుంచి ఆగస్టు చివరి దాకా. అప్పుడూ, క్రిస్మస్ సంతలు జరిగే డిసెంబరులోనూ అదే గది రెట్టింపు పలుకుతుంది. మన దసరా సెలవుల్లో వెళ్లేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. మ్యూనిక్‌లో జరిగే బీరు పండుగ అక్టోబర్‌ఫెస్ట్ సెప్టెంబరు మూడో వారంలో మొదలై అక్టోబరు మొదటి ఆదివారం దాకా సాగుతుంది. ఆ పక్షం దాటాక నాలుగైదు రోజులు ఆగి వెళ్తే విమానం, గది రెండూ దిగుతాయి. సంక్రాంతి సెలవుల్లో గదులు చవకే. కానీ సాయంత్రం నాలుగున్నర దాటగానే పొద్దుగూకుతుంది, హెల్‌బ్రున్ రాజభవనంలోని ఫౌంటెన్లు నడవవు, చలి బట్టల ఖర్చు కొత్తగా నెత్తిన పడుతుంది.

బుకింగ్ సైటులో చూపే మొత్తంలో స్థానిక పర్యాటక పన్ను చాలాసార్లు కలవదు. మనిషికి, రాత్రికి ఇంత అని హోటల్లోనే వసూలు చేస్తారు. గది ఖరారు చేసేముందు సన్న అక్షరాల్లో ఉన్న ఆ వాక్యం చదవండి. హోటల్ ఫలహారం మనిషికి 15 యూరోలు దాటితే వద్దనుకోవడమే మంచిది.

ఆ పన్నుతో పాటు కట్టే రవాణా రుసుముకు ప్రతిఫలంగా 2025 మే నుంచి ఒక మంచి సౌకర్యం వచ్చింది. సాల్జ్‌బర్గ్ రాష్ట్రంలో బస చేసే అతిథులకు వచ్చిన రోజు నుంచి వెళ్లే రోజు దాకా ఆ రాష్ట్ర పరిధిలో బస్సులు, లోకల్, ప్రాంతీయ రైళ్లు ఉచితం. దాని పేరు గెస్ట్ మొబిలిటీ టికెట్. హోటలువాళ్లు లింకు పంపుతారు, ఫోనులో తెరిచి పేరు నింపుకోవాలి. లింకు రాకపోతే అడిగి తీసుకోండి. అడగనివాళ్లు రోజూ బస్సు టికెట్లు కొంటూనే ఉంటారు. 150 నంబరు బస్సెక్కితే వోల్ఫ్‌గాంగ్ సరస్సు ఒడ్డున సెయింట్ గిల్గెన్‌కు ఏమీ కట్టకుండా వెళ్లి రావచ్చు. లోకల్ రైలులో వెర్ఫెన్ కోట దాకా అంతే. సరస్సు ఒడ్డు ఊరు హాల్‌స్టాట్ పక్క రాష్ట్రంలో ఉంది, కాబట్టి ఈ ఉచిత టికెట్టు అక్కడి దాకా చెల్లదు. 150 బస్సులో బాడ్ ఇషెల్, అక్కడి నుంచి రైలు, రైలు దిగాక సరస్సు దాటడానికి పడవ. పడవ టికెట్టు వేరే, సాయంత్రం తొందరగానే ఆగిపోతుంది. రోజంతా కలిపి మనిషికి 40 యూరోలు పక్కన పెట్టాలి. డబ్బు బిగువుగా ఉంటే హాల్‌స్టాట్ వదిలేసి సెయింట్ గిల్గెన్ వెళ్లండి. సరస్సు, కొండలు అక్కడా ఉన్నాయి, జనం తక్కువ.

సాల్జ్‌బర్గ్ కార్డు 24, 48, 72 గంటలకు అమ్ముతారు. 24 గంటలది 30 యూరోల పైన. ఊళ్లోని కొండ మీది కోట, అక్కడికి ఎక్కించే ట్రాలీ రైలు, మొజార్ట్ జన్మగృహం, మ్యూజియంలు, హెల్‌బ్రున్, ఊంటర్స్‌బెర్గ్ కొండకు రోప్‌వే అన్నీ ఒక్కోసారి చూడొచ్చు. రోప్‌వే రానుపోను టికెట్టే దాదాపు కార్డు ధరంత ఉంటుంది కాబట్టి కొండ ఎక్కేవాళ్లకు కార్డు లాభం, కోట ఒక్కటీ చూసేవాళ్లకు నష్టం. గంటలు మొదటిసారి వాడినప్పటి నుంచి లెక్క. మధ్యాహ్నం వాడటం మొదలుపెడితే మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంటుంది, అంటే రెండు పూటల్లో సర్దుకోవచ్చు. రోప్‌వేను ఏటా వసంతంలో, శరదృతువు చివర్లో కొన్ని వారాలు తనిఖీకి ఆపేస్తారు, తేదీ చూసుకున్నాకే కార్డు కొనాలి. మిరాబెల్ తోట, గెట్రైడెగాసె వీధి, నది ఒడ్డు నడకకు టికెట్టే లేదు.

తిండికి మనిషికి రోజుకు 35 యూరోలు చాలు, అయితే పద్ధతిగా ఉండాలి. పనిరోజుల్లో మధ్యాహ్నం చాలా హోటళ్లలో ‘మిట్టాగ్స్‌మెన్యూ’ ఉంటుంది, 12 నుంచి 15 యూరోలకు సూపు, ఒక ప్రధాన వంటకం. అదే హోటల్లో రాత్రి మెనూ కార్డు చూసి ఆర్డరిస్తే పాతిక దాటుతుంది. శాకాహారులకు చీజుతో చేసే కాస్‌నోకెన్ దొరుకుతుంది. ఉల్లిపాయ వేపుడు మీద మాంసం ముక్కలు వేశారా అని అడిగి తీసుకోండి. రాత్రికి సూపర్‌మార్కెట్ రొట్టె, పెరుగు, పండ్లు. అక్కడ శనివారం సాయంత్రం ఆరు తర్వాత, ఆదివారం పూర్తిగా దుకాణాలు మూసేస్తారు. రైల్వే స్టేషనులోని సూపర్‌మార్కెట్ ఆదివారమూ ఉంటుంది కానీ క్యూ పెద్దది. కుళాయి నీళ్లు కొండల నుంచి వచ్చేవే, సీసా కొననక్కర్లేదు. కొంటే 2025 నుంచి ప్రతి ప్లాస్టిక్ సీసాకూ, డబ్బాకూ 25 సెంట్ల డిపాజిట్ కలుపుతారు. ఖాళీ సీసాను నలపకుండా, లేబులు చింపకుండా దుకాణం గుమ్మం దగ్గరున్న యంత్రంలో పెడితే చీటీ వస్తుంది, దాన్ని కౌంటర్లో ఇస్తే డబ్బు తగ్గిస్తారు. నలిపేస్తే యంత్రం వెనక్కి తోసేస్తుంది.

ఇంటి నుంచి తీసుకెళ్లేవి: ఆవకాయ, కందిపొడి, వేయించిన అటుకులు పట్టుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు యూరోపియన్ యూనియన్‌లోకి అనుమతించరు. ధ్రువపత్రం లేని మామిడిపళ్లు, పచ్చి కరివేపాకు కూడా అంతే. పారేయిస్తారు, జరిమానా కూడా వేయొచ్చు.

డబ్బు మార్పిడిలో పోయేది కళ్లకు కనిపించదు. మామూలు క్రెడిట్ కార్డు మీద విదేశీ మార్కప్ 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. లక్ష రూపాయల ఖర్చుకు 4,130 రూపాయలు. మార్కప్ లేని కార్డో, యూరోలు నింపిన ఫారెక్స్ కార్డో తీసుకెళ్లాలి. హోటల్లో, దుకాణంలో యంత్రం మీద రెండు అంకెలు పక్కపక్కన వెలుగుతాయి, ఒకటి యూరోల్లో, ఒకటి రూపాయల్లో. రూపాయలు చూడగానే మనకు ధైర్యమనిపిస్తుంది, చెయ్యి అటే పోతుంది. యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ల రేటు మనకు నష్టం, పైగా మన బ్యాంకు దాని మీద కూడా రుసుము వేసే అవకాశముంది. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీయొద్దు, వడ్డీ ఆ రోజు నుంచే పడుతుంది. మన యూపీఐ అక్కడి దుకాణాల్లో నడవదు. చిన్న హోటళ్లకు, మరుగుదొడ్ల దగ్గర 50 సెంట్ల నాణేలకు వంద యూరోల నగదు ఉంచుకుంటే సరి.

ఇద్దరికి ఐదు రాత్రుల లెక్క: గది 650 యూరోలు, రాయితీ రైలు టికెట్లు 100, తిండి ఆరు రోజులకు 420, సాల్జ్‌బర్గ్ కార్డులు 65, హాల్‌స్టాట్ 80, పర్యాటక పన్ను, టిప్పులు, చిల్లర 60. మొత్తం 1,375. దీనికి పది శాతం కలిపితే సుమారు 1,510. యూరో 110 రూపాయల లెక్కన లక్షా అరవై ఆరు వేలు. విమానం ఇద్దరికీ లక్షా ముప్పై వేలు, వీసా, సేవా రుసుము, బీమా కలిపి 28 వేలు. అన్నీ కలిపి మూడు లక్షల పాతిక వేలు. మీ వ్యాసాల్లో ఖర్చుల పెట్టెలో కనీసం ఏ తేదీ నాటి యూరో రేటు, వీసా రుసుము, స్థానిక పన్ను, విమానాశ్రయం నుంచి ఊరికి ఛార్జీ, ఈ నాలుగూ చేర్చాలని కోరుతున్నాను.

ఏజెంటు దగ్గర ప్యాకేజీ కొన్నవాళ్లకు ఇంకొక మాట. బిల్లులో టీసీఎస్ అని, అంటే అమ్మేవాళ్లు మన దగ్గర ముందే తీసుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తారు. అది పోయిన డబ్బు కాదు. పాన్ నంబరు సరిగా ఇచ్చారో లేదో చూసుకుని, ఆ మొత్తం ఆదాయపు పన్ను శాఖ చూపే మీ పన్ను జమల పట్టికలో కనిపించాక ఐటీ రిటర్నులో చూపితే పన్నులో సర్దుబాటవుతుంది, కట్టాల్సిన పన్ను లేకపోతే రిఫండు వస్తుంది. రిటర్ను వేయని పెద్దవాళ్ల పేరున ప్యాకేజీ కొంటే, ఆ ఏడాది వాళ్ల పేరున రిటర్ను వేయించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ