నీళ్లు పోస్తుంటే ఎండిపోయే మట్టి

చిన్నారి తల్లికి,

అమ్మ ఆశీస్సులతో రాయునది. నీ ఉత్తరం అందింది. మొక్కకు దానంతటదే నీరు పెట్టే పరికరాన్ని ఒక్కదానివే కూర్చి నడిపించినందుకు మురిసిపోయాను. అయితే నీవు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన సంగతి దగ్గరే నా మనసు ఆగిపోయింది. పంపు మొదలైన మరుక్షణమే మట్టి మరింత ఎండినట్టు అంకె పైకి ఎగబాకుతోందనీ, అప్పుడప్పుడు బోర్డు తనంతట తానే మళ్లీ మొదటికి వస్తోందనీ, ప్రోగ్రామును మూడుసార్లు తిరగరాసినా గుణం కనబడలేదనీ రాశావు. నాకు తోచినంతవరకు తప్పు ప్రోగ్రాములో లేదు.

నీ ప్రోగ్రామును నడిపే ఆర్డ్యునో యూనో బోర్డు, మట్టి తడిని కొలిచే సెన్సర్ నుంచి వచ్చే వోల్టేజీని ఉన్నదున్నట్టు చెప్పదు; తనకు అందుతున్న సరఫరా వోల్టేజీలో అది ఎన్నో వంతో లెక్కగట్టి, 0 నుంచి 1023 లోపు ఒక అంకెగా చెబుతుంది. సరఫరా సరిగ్గా 5 వోల్టులు ఉంటే ఒక్కో మెట్టు సుమారు 4.9 మిల్లీవోల్టులు. నీవు వాడుతున్న కెపాసిటివ్ సెన్సర్ మట్టి ఎండేకొద్దీ ఎక్కువ వోల్టేజీ ఇస్తుంది కదా, అది 2 వోల్టులు ఇచ్చిందనుకుందాం. అప్పుడు నీకు 409 కనబడుతుంది. ఇంతలో పంపు తిరగడం మొదలుపెట్టి, సరఫరాను 4.6 వోల్టులకు కిందికి లాగిందనుకో. ఆ రకం సెన్సర్లలో చాలావాటికి వోల్టేజీని నిలకడగా ఉంచే సొంత రెగ్యులేటర్ ఉంటుంది కాబట్టి అది మాత్రం అదే 2 వోల్టులు ఇస్తూ ఉంటుంది, కానీ బోర్డు చూపే అంకె 445 అవుతుంది. మట్టిలో చుక్క తేడా లేదు, మారింది కొలబద్ద. ఇక అంకె 400 కంటే కిందికి దిగితేనే పంపు ఆగేలా నీవు హద్దు పెట్టావు కనుక, మట్టి నిజంగా తడిసినా ఆ అంకె దిగిరావడానికి ఎక్కువసేపు పడుతుంది. కుండీ అడుగునుంచి నీరు కారిపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం.

రిలే పెట్టాను కదా అని నీవు అడుగుతావు. రిలే పంపును వేసి ఆపే మీట మాత్రమే. పంపుకు కావలసిన కరెంటును నీవు ఇంకా బోర్డులోని 5 వోల్టుల పిన్ నుంచే తీసుకుంటున్నావు. మోటారు కదలడం మొదలుపెట్టే క్షణంలో, తిరుగుతున్నప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కుదుపుకు వోల్టేజీ బాగా పడిపోతే బోర్డు మీద ప్రోగ్రామును నడిపే చిప్పు, అంటే మైక్రోకంట్రోలర్, తనను తాను రీసెట్ చేసుకుంటుంది. యూఎస్‌బీ దారిలో ఆ బోర్డు మీద ఉన్న ఫ్యూజు కూడా 500 మిల్లీయాంపులకే. ఎప్పుడూ రీసెట్ కాకుండా అప్పుడప్పుడే కావడం నిన్ను తికమక పెట్టినట్టుంది గాని, నా దృష్టిలో అదే గట్టి ఆధారం, ఎందుకంటే ప్రోగ్రాములో తప్పు ఉంటే అది సాధారణంగా ఇంతకంటే క్రమంగా బయటపడుతుంది.

పది కొలతలు తీసుకొని సగటు వేస్తే సరిపోతుందేమో అన్నావు. ఇక్కడ సరిపోదు. సగటు అటూ ఇటూ ఊగే తప్పును సర్దుతుంది. పదీ ఒకే వైపుకు జరిగి ఉంటే సగటు కూడా అటే జరుగుతుంది.

అంకెను కళ్లు మూసుకొని నమ్మే అలవాటు నాకూ ఉండేది. ఒకసారి డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ గదిలో 85 డిగ్రీలు ఉందని చూపితే, రెండు రాత్రులు ప్రోగ్రామును తవ్వాను. కరెంటు అందిన వెంటనే, కొలత పూర్తి కాకముందే చదివితే ఆ సెన్సర్ చెప్పే తొలి విలువే 85. నా జంపర్ వైరు వదులై, సెన్సర్ మాటిమాటికీ ఆరి వెలుగుతోంది. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెట్టి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది.

కాబట్టి పంపుకు వేరే సరఫరా ఇవ్వు. రిలే ఉన్నంతవరకు ఆ రెండు సరఫరాలను కలపనవసరం లేదు గాని, రేపు రిలే తీసి ఎలక్ట్రానిక్ మీట అయిన మాస్‌ఫెట్ పెడితే రెండింటి గ్రౌండ్లను, అంటే మైనస్ కొసలను, తప్పక కలపాలి. మోటారు కొసల మధ్య కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే డయోడును, గీత ఉన్న కొస ప్లస్ వైపు ఉండేలా, తిప్పి పెట్టు. మోటారు ఆగేటప్పుడు ఎగసే వోల్టేజీ దాని గుండానే చల్లారుతుంది. మట్టిని పంపు ఆగి ఉన్నప్పుడే కొలువు. నీరు ఇంకడానికి వ్యవధి కావాలి కనుక కొద్దిసేపు పోసి, ఆపి, ఆగి, మళ్లీ కొలవడం మేలు. 400 అనే హద్దును కూడా ఎవరో చెప్పారని పెట్టుకోక, నీ మట్టి బాగా ఎండినప్పుడు ఒకసారి, పూర్తిగా తడిసినప్పుడు ఒకసారి చూసి నీవే నిర్ణయించుకో.

ఇవన్నీ మార్చకముందు ఒక్క పని చెయ్యి. మీటరును 5 వోల్టుల పిన్‌కూ గ్రౌండుకూ మధ్య పెట్టి, పంపు ఆగినప్పుడు ఎంతో, తిరుగుతున్నప్పుడు ఎంతో చూసి ఆ రెండు అంకెలు నాకు రాయి. అవి రెండూ ఒకటే అయితే నా ఊహ తప్పు. అప్పుడు సెన్సర్ వైర్లను వెతుకుదాం.

ఇట్లు,
మీ అమ్మ