శ్లాబు జమా ఖర్చులు: ఇనుము రెండోసారి ఎందుకు కొన్నాం

సభ్యులందరికీ నమస్కారం. సంఘ భవనం శ్లాబు పూర్తయింది. చందాలుగా జమ అయిన సొమ్మును వంద వంతులు చేస్తే ఇనుముకు 41, సిమెంటు, ఇసుక, కంకరలకు 31, కూలికి 18, శ్లాబు కింద ఆసరాగా కట్టిన చెక్క అద్దెకు 7 వంతులు ఖర్చయ్యాయి. 3 వంతులు చేతిలో ఉన్నాయి. రసీదులు ఫైలులో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. మిగతా పద్దుల మీద ఎవరూ ఏమీ అడగలేదు. అడిగిందంతా ఇనుము గురించే.

శ్లాబు పొడవు 10 మీటర్లు, వెడల్పు 6. మధ్యలో పొడవునా ఒక బీము. డ్రాయింగు ప్రకారం 150 మి.మీ.కు ఒకటి చొప్పున వెడల్పు దిశలో 10 మి.మీ. ఊచలు 68 వేయాలి. చివరి వంపులతో కలిపి ఒక్కొక్కటి 6.15 మీటర్లు. మొత్తం 418 మీటర్లు కాబట్టి 12 మీటర్ల ఊచలు 35 చాలనుకున్నాం. తప్పు అక్కడే జరిగింది, చేసింది మేమే. ఊచను సగానికి కోస్తే వచ్చేది 6 మీటర్లే. ఆ 15 సెంటీమీటర్లే కొంప ముంచాయి. ఒక ముక్క కోశాక మిగిలేది 5.85 మీటర్లు. అది పనికి రావాలంటే 80 సెం.మీ. ముక్క అతకాలి: లోటు 30 సెం.మీ., ఒకదానిపై ఒకటి ఉండాల్సిన ల్యాపు ఊచ మందానికి 50 రెట్లు, అంటే మరో 50. ఇలా 31 అతుకులు, అన్నీ ఒకే వరుసలో పడకుండా చూసుకుని వేస్తే 37 ఊచలు పట్టాయి. తక్కువపడిన రెండు ఊచలను తేవడానికి బండి ఖర్చు వాటి ధరలో సగం దాటింది. దాన్ని మేమే పెట్టుకున్నాం, సంఘం ఖాతాలో రాయలేదు.

8 మి.మీ. ఊచలు పొడవు దిశలో 31. ఒక్కొక్కటి కోశాక మిగిలిన 2 మీటర్ల ముక్కలో బీము ఊచలను చుట్టి పట్టే రింగు ఒకటి వచ్చింది, కొసలు పై ఊచలను కింద నుంచి ఎత్తి నిలబెట్టే కుర్చీలయ్యాయి. రింగు 1.3 మీటర్లు, కావలసినవి 68. మిగతా 37 రింగులకు కొత్త ఊచలు కోశాం. ఊచకు తొమ్మిది చొప్పున నాలుగింటిలో 36 వచ్చాయి. ఆ చివరి ఒక్క రింగు కోసం అయిదో ఊచ కోయాల్సి వచ్చినప్పుడు ఊచలు వంచే అతను నవ్వాడు. మాకు నవ్వు రాలేదు.

బరువు లెక్క: మి.మీ.లలో మందాన్ని దానితోనే హెచ్చించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 10 మి.మీ.కు 0.617, 8 మి.మీ.కు 0.395. బీముకు వేసిన 16 మి.మీ. ఊచలు అయిదింటితో కలిపి ఇలా 539 కిలోలు తేలింది. కాటా మీద 531 తూగింది. ఊచల బరువు కొంచెం అటూ ఇటూ ఉండటం మామూలే కాబట్టి, లెక్కకు కాక తూకానికే చెల్లించాం. కట్టు తీగ 5 కిలోలు వేరే పద్దులో ఉంది.

స్టోరులో ఉన్నవి: 8 మి.మీ. ముక్క 10.7 మీటర్లు ఒకటి, 10 మి.మీ. ముక్కలు 5.85, 3.45 మీటర్లవి, 16 మి.మీ. కొసలు 1.4 మీటర్లవి అయిదు. అన్నీ కలిపి సుమారు 21 కిలోలు. తాళం కార్యదర్శి దగ్గర ఉంది.