బొంతకు మిషను కొనేవాళ్లు కుట్ల లెక్క చూడొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

పాత చీరలతో బొంతలు కుట్టి నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్న గృహిణుల గురించి మీ మహిళల పేజీలో వచ్చిన వ్యాసం చదివి చాలా సంతోషించాను. ఒకప్పుడు బొంత ఇంట్లోవాళ్లకే. చుట్టాలొస్తే తీసి అటక మీద పెట్టేవాళ్లు. ఇప్పుడు అడిగి మరీ కుట్టించుకుంటున్నారు. అయితే వ్యాసం చివర్లో ఒక్క సలహా దగ్గర నాకు అభ్యంతరం ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వీలైనన్ని ఎక్కువ రకాల కుట్లు ఉన్న మిషను కొనుక్కోవాలని రాశారు. అది నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లను దగ్గర్నుంచి చూస్తున్నాను కాబట్టే ఈ ఉత్తరం.

నేను రామంతపూర్‌లో ఇంటి దగ్గరే కుట్టుపని నేర్పుతాను. జాకెట్లు, డ్రెస్సుల కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. ఈ మధ్య బొంతల కోసం వచ్చేవాళ్లు పెరిగారు. చలికాలం ముందు ఒకమ్మాయి చీటీ ఎత్తిన డబ్బుతో కొన్న మిషనును ఆటోలో వేసుకుని వచ్చింది. పూలు, ఆకులు, బాతుపిల్లల వరసలు కూడా కుడుతుందది. బొంత పెడితే మాత్రం కదలడం లేదు. సూది దిగిన చోటే దిగి, అడుగున దారం ఉండకట్టేస్తోంది. షాపులో అడిగితే, ‘ఇది బరువు పనికి కాదమ్మా’ అన్నారట. బొంతల కోసమే కొంటున్నానని ఆ అమ్మాయి ముందే చెప్పింది. అప్పుడు ఆ మాట ఎవరూ అనలేదు.

బొంతకు కావలసింది తిన్నగా వెళ్లే కుట్టు ఒక్కటే. పైన గుడ్డబొమ్మలు అతికించాలనుకుంటే జిగ్‌జాగ్ పనికొస్తుంది. మిగతా కుట్లన్నీ డబ్బా మీద చూసుకోవడానికే. అసలు చూడాల్సింది వేరే ఉంది. సూదికీ, కుడివైపున మిషను స్తంభానికీ మధ్య ఎంత ఖాళీ ఉంది? మామూలు ఇంటి మిషన్లలో అది ఆరేడు అంగుళాలే. జాకెట్‌కు అది చాలా ఎక్కువ. డబుల్ కాట్ బొంత 90 అంగుళాల వెడల్పు ఉంటుంది. ముడతలు రాకుండా ఉండాలంటే మధ్యలోంచి మొదలుపెట్టి అంచుల వైపు కుట్టుకుంటూ వెళ్లాలి. అంటే మొదటి వరస వేసేటప్పుడు సగం బొంత, 45 అంగుళాలు, చాపలా చుట్టి ఆ ఆరంగుళాల సందులో దూర్చాలి. దూది పొర కాస్త మందమైతే ఇక చెయ్యి పెట్టడానికి కూడా చోటుండదు. టేపు తీసుకెళ్లి కొలవండి. కొలుస్తుంటే సేల్స్‌మ్యాన్ వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఇక షోరూముల్లో చూపించే డెమో సంగతి. గంజి పెట్టినట్టు బిర్రుగా ఉండే కాటన్ ముక్కను రెండు మడతలు వేసి కుట్టి చూపిస్తారు. దాని మీద ఏ మిషనైనా ముత్యాల్లాంటి కుట్టే వేస్తుంది. అందుకే మా క్లాసులో పిల్లలకు ఒకటే చెబుతాను, మీ గుడ్డ మీరు పట్టుకెళ్లండి అని. పైన చీర ముక్కలు అతికినది, మధ్యలో దూది పొర, అడుగున దుప్పటి గుడ్డ. మూడింటినీ ఒకే కొలతకు కత్తిరించి, మూరెడు పొడవు, జానెడు వెడల్పు నమూనా చేసుకోవాలి. చీర ముక్కల్లో నాలుగు మూలలు ఒకచోట కలిసే అతుకు తప్పకుండా ఉండాలి. అక్కడ మడతలన్నీ పోగుపడి గట్టిగా అవుతాయి. సగం మిషన్లు తేలిపోయేది ఆ గట్టి దగ్గరే.

ఆ నమూనాను ఈ చివర నుంచి ఆ చివరకు కుట్టించి చూడండి. పై గుడ్డ అంచు కింది అంచు కన్నా ముందుకు జరిగిపోయిందంటే బొంత వెనకాల ముడతలు ఖాయం. మిషను అడుగున ఉండే పళ్లు కింది పొరనే లాగుతాయి. పై పొరను ఫుట్, అంటే సూది దగ్గర గుడ్డను నొక్కి ఉంచే పాదం, అదిమిపట్టి ఆపేస్తుంది. అందుకే ఆ తేడా. దీనికి విరుగుడు వాకింగ్ ఫుట్. దానికి కూడా పళ్లుంటాయి, పై పొరను కింది పొరతో పాటే నడిపిస్తుంది. మిషను ఖరీదుతో పోలిస్తే దాని ధర చాలా తక్కువ. కొనే మిషనుకు అది పడుతుందో లేదో అక్కడే బిగించి చూపించమని అడగాలి. దాని పక్కనున్న చిన్న చెయ్యి సూది బిగించే స్క్రూ మీద కూర్చోవాలి, కూర్చోకపోతే అది పనిచేయదు.

తర్వాత నిదానంగా కుట్టమనండి. బొంత కుట్టేవాళ్లకు వేగం కన్నా నిదానం ముఖ్యం. మూలల్లో ఒక్కొక్క కుట్టే వేసుకుంటూ తిప్పాలి. కొన్ని కరెంటు మిషన్లు పెడల్ కాస్త తొక్కగానే దూకేస్తాయి. మందం వచ్చినప్పుడు మూలుగుతూ ఆగిపోయేవి కొన్ని. ఆగినప్పుడు సూది గుడ్డలోనే దిగి ఉండేలా ఏర్పాటున్న మిషనైతే, తిప్పేటప్పుడు వరస చెదరదు. పైన డబ్బు పెట్టాలనుకుంటే దానికి పెట్టండి, బాతుపిల్లలకు కాదు.

అన్నింటికన్నా ముందు ఇంట్లో ఏముందో చూసుకోవాలి. మన హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో అమ్మకో అత్తగారికో చెందిన నల్ల మిషను ఉంటుంది. సింగరో, మెరిట్టో, 1935లో కలకత్తాలో మొదలైన కంపెనీ వాళ్ల ఉషానో. కొత్తది కొనగానే దాన్ని పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అది పోత ఇనుము. బొంత బరువుకు కదలదు. కాలితో తొక్కేదైతే వేగం మన చేతుల్లో ఉంటుంది, కరెంటు పోయినా పని ఆగదు. బాబిన్ కేస్, ఫుట్, సూది, ఏది పోయినా దొరుకుతాయి, బాగుచేసేవాళ్లు బస్తీ బస్తీకీ ఉన్నారు. ఫుట్ కడ్డీ పైనుండే స్క్రూ కాస్త వదులు చేస్తే మందం కిందికి సాఫీగా వెళుతుంది. 16 నంబరు సూది వేసి, కుట్టు పొడవు పెంచి, పై దారం టెన్షన్ (బిగువు) సరిచూసుకుంటే చాలు. మొదటి పది బొంతలకు అది ఇట్టే సరిపోతుంది. లోటల్లా ఆ ఆరేడు అంగుళాల ఖాళీయే. సింగిల్ కాట్ బొంతలకు, పసిపిల్లల బొంతలకు అదేమంత అడ్డం కాదు.

పెద్ద బొంతలు ఆర్డర్ మీద కుట్టేవాళ్లు టైలర్ల ఫ్యాక్టరీ మిషను గురించి ఆలోచించవచ్చు. సందు పది అంగుళాలు దాకా ఉంటుంది, మోకాలితో నెడితే ఫుట్ లేస్తుంది కాబట్టి రెండు చేతులూ బొంత మీదే ఉంచుకోవచ్చు. కానీ నిమిషానికి ఐదువేల కుట్లు వేయగల మిషనది. పెడల్ తొక్కినప్పుడే తిరిగే సర్వో మోటారున్నదే తీసుకుని వేగం బాగా తగ్గించుకోవాలి. పాత క్లచ్ మోటారు స్విచ్ వేసినంతసేపూ తిరుగుతూ రొద చేస్తుంది, కరెంటూ కాలుతుంది. దాని సూదులు కూడా వేరు, కాడ గుండ్రంగా ఉంటుంది. ఇంటి మిషను సూది కాడ ఒకవైపు చదునుగా ఉంటుంది. ఒకదానిది ఇంకోదానికి వేయకూడదు. నాలుగడుగుల బల్లతో సహా మూడో అంతస్తుకు ఎక్కించగలమా, ఆ గదిలో ఇంకేమైనా పడుతుందా అన్నది కూడా చూసుకోవాలి.

ఏ మిషనైనా బల్ల లేకపోతే పని చెడుతుంది. ఇది చాలామందికి తెలియదు. బొంత అంచు కిందికి వేలాడితే ఆ బరువు వెనక్కి లాగుతుంది, కుట్లు చిన్నవైపోతాయి. అప్పుడు మిషనును తిడతారు. మిషనుకు ఎడమవైపునా వెనకాలా అదే ఎత్తులో భోజనాల బల్ల జరిపి పెట్టుకున్నా చాలు, తేడా ఆ పూటే తెలుస్తుంది.

ఇదంతా ఇంత వివరంగా రాయడానికి ఇంకో కారణం ఉంది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలు కూడా ఉన్నారు. శిక్షణతో పాటు పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు వోచరు, ఆ తర్వాత పూచీకత్తు లేకుండా మొదట లక్ష, తర్వాత రెండు లక్షల వరకు 5 శాతం వడ్డీకి రుణం ఇస్తారు. అప్పు చేసి మిషను కొనే ఆడవాళ్లకు ఎంపిక తప్పితే నెలనెలా వాయిదా మాత్రం మిగులుతుంది. శిక్షణలో కత్తిరింపు, కుట్టుతో పాటు మిషనును పరీక్షించి కొనడం కూడా ఒక పూట నేర్పాలని అధికారులను కోరుతున్నాను. పైసా ఖర్చు లేని పని.

మీకు కూడా ఒక విన్నపం. మిషన్ల ప్రకటనల్లో కుట్ల సంఖ్య పెద్ద అక్షరాల్లో ఉంటుంది. సూది నుంచి స్తంభం దాకా ఎన్ని అంగుళాలో, ఫుట్ ఎంత ఎత్తు లేస్తుందో కూడా వేయమని కంపెనీలను అడగండి. దసరా ఆఫర్లు మొదలయ్యేలోగా మీ మహిళల పేజీలో నమూనా గుడ్డ ఎలా తయారుచేసుకోవాలో ఫొటోలతో వేస్తానంటే, ఆ నమూనాలు మా క్లాసు పిల్లలు కుట్టి ఇస్తారు.

ఇట్లు,
ఒక కుట్టుపని టీచరు,
రామంతపూర్, హైదరాబాద్