నీడ గురించి చెప్పేటప్పుడు దీపం సైజు కూడా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

వెలుతురుకు ఏదైనా అడ్డొస్తే నీడ పడుతుందని పిల్లల పేజీల్లో తరచూ రాస్తుంటారు. మాట నిజమే, కానీ అక్కడితో ఆపేస్తే చాలదు. అది చదివి ట్యూబ్‌లైటు కింద పెన్సిలు పట్టుకున్న పిల్లలకు ఒక్కోసారి నీడ జాడే ఉండదు. పుస్తకంలో ఉన్నదే అబద్ధమేమో అనుకుంటారు పాపం.

పెన్సిలును బల్లకు 10 సెంటీమీటర్ల ఎత్తున, ట్యూబు సాగిన దిక్కుకే పట్టుకోమనండి. గీత గీసినట్టు సన్నని నీడ పడుతుంది. ఎత్తు మార్చకుండా పెన్సిలును అడ్డంగా తిప్పితే ఆ గీత చెదిరి, పలచబడి, దాదాపు మాయమవుతుంది. ఇదెందుకో చీమ కంటితో చెబితే చిన్నపిల్లలకూ తెలుస్తుంది. పెన్సిలు కింద బల్ల మీద ఒక చీమ ఉందనుకుందాం. మొదటిసారి అది తల ఎత్తితే ట్యూబు మొత్తం పెన్సిలు చాటున దాగి ఉంటుంది. రెండోసారి, ట్యూబు బల్లకు 2 మీటర్ల పైన ఉంటే, 7 మిల్లీమీటర్ల మందమున్న పెన్సిలు నడిమి 14 సెంటీమీటర్లనే దాచగలదు. 120 సెంటీమీటర్ల ట్యూబులో మిగతాదంతా చీమకు కనబడుతూనే ఉంటుంది. దీపం ఎంతవరకు కనబడితే ఆ చోటుకు అంత వెలుతురు. నీడ అంచులు మసకగా ఉండటానికీ కారణం ఇదే.

అందుకే ఇంట్లో చేయించే ప్రయోగాలకు ఫోన్ టార్చి మేలు. గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పాలి. గోడకు 100 సెంటీమీటర్ల దూరంలో ఫోన్ నిలబెట్టి, 4 సెంటీమీటర్ల బొమ్మను టార్చికి 20 సెంటీమీటర్ల దూరంలో పెడితే నీడ ఎత్తు 20 సెంటీమీటర్లు. బొమ్మను 50 సెంటీమీటర్లకు జరిపితే 8కి తగ్గుతుంది. పిల్లల చేతనే స్కేలుతో కొలిపించండి. అంచు రెండుగా కనబడితే ఆ ఫోన్‌లో రెండు చిన్న దీపాలున్నాయన్నమాట, ఒకదాని మీద నల్ల టేపు అంటించాలి.

ఎండలో చేసేటప్పుడు సూర్యుడికి వీపు పెట్టి నిలబడాలని తప్పక రాయండి. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కళ్లు పాడవుతాయి.

బొమ్మలు వేసేవారికీ ఒక విన్నపం. సూర్యుడు ఉన్నవైపే నీడ వేయకండి, నీడకు కళ్లూ ముక్కూ పెట్టకండి. అవి కనబడేది అద్దంలో. వెలుతురు చేరని చోటే నీడ, దానికి ముఖం ఉండదు.

– ఒక సైన్సు ఉపాధ్యాయురాలు