ఉగ్గాని తిన్నందుకు సిర్రోసిస్ ముద్రా? - వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ మూడుసార్లు ఇచ్చి, మూడుసార్లూ ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అన్న సందేశం మాత్రమే ఫోనుకు అందుకున్నాక, గత్యంతరం లేక ఈ లేఖ రాస్తున్నాను. కొత్త యంత్రమో, కొత్త భవనమో అడిగి ఉంటే ఆలస్యాన్ని అర్థం చేసుకునేవాణ్ణి. నేను అడిగింది ఓపీ చీటీ మీద ఒక్క వాక్యం.

హెపటైటిస్-బికి ఏళ్లుగా మందులు వాడుతున్న మా అన్నను, కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌కు అనంతపురం తీసుకొచ్చినప్పుడు, తెల్లవారుజామున మొదటి బస్సెక్కి ఎనిమిదికల్లా వరుసలో నిలబడ్డాం. పదకొండైనా పిలుపు రాకపోతే గేటు బయట బండి దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాం. అరగంటకు పేరు పిలిచారు. బజ్జీ నూనె ఇంకా అన్న వేళ్లకు అంటుకునే ఉంది. కుడి పక్కటెముకల మధ్య జెల్ పూసి పదిసార్లు కొలిచారు గానీ, ఎప్పుడు తిన్నావని ఒక్కరూ అడగలేదు. 13.1 కిలోపాస్కల్స్ వచ్చింది, ‘సిర్రోసిస్ అనుమానం’ అని, అంటే కాలేయం మచ్చలు పడి బాగా గట్టిపడిపోయిందేమోనని, రాసిచ్చారు. ఆ కాగితం చూసి మా వదిన కూతురి పెళ్లి మాటలు ఆపేసింది. మూడు వారాల తర్వాత మరో డాక్టరు గారు పరగడుపున చేయిస్తే 9.2 వచ్చింది.

తిన్నాక పేగుల నుంచి పోర్టల్ సిర గుండా కాలేయానికి రక్తం ఎక్కువగా చేరుతుందనీ, ఆ ఒత్తిడికి కాలేయం బిగుసుకుంటే యంత్రం ఆ బిగువును కూడా జబ్బు కిందే లెక్కగడుతుందనీ, ఇప్పటికే మచ్చలు పడిన కాలేయంలో ఈ తేడా మరింత ఎక్కువనీ మీ శాఖకు నేను చెప్పాలా? పరీక్షకు ముందు రెండు మూడు గంటలు ఏమీ తినకూడదని వైద్య మార్గదర్శకాల్లోనే ఉంది.

రెండో అర్జీ ఫలితమో ఏమో, ఇప్పుడు ‘తినకుండా రండి’ అని నోటిమాటగా చెబుతున్నారు, ఎన్ని గంటలో మాత్రం చెప్పరు. మొన్న షుగరున్న ఒక పెద్దమ్మ, ముందురాత్రి తిన్న సంగటి తప్ప కడుపులో ఏమీ లేక, మధ్యాహ్నం ఒంటిగంటకు బల్ల మీదే ఒరిగిపోయింది. మూడు గంటలు చాలునని ఆమెకు చెప్పిన దిక్కు లేదు.

దయచేసి చీటీ మీద ‘పరీక్షకు మూడు గంటల ముందు నుంచి ఏమీ తినరాదు’ అని అచ్చు వేయించండి. చివరిసారి తిన్న వేళను రిపోర్టులో రాయించండి. పిలిచే వేళను ముందే చెప్పించండి. నాలుగోసారి కూడా ‘పరిష్కరించబడినది’ అనే పంపదలిస్తే, అంతకుముందు ఆ చీటీని ఒక్కసారి తెప్పించుకుని చూడండి.

ఇట్లు,
ఒక రోగి తమ్ముడు,
అనంతపురం జిల్లా