కొత్త ధర అని చెప్పి అమ్మారు, సగం ధరకు లెక్క కట్టారు: ఇంటి బీమా క్లెయిమ్‌పై ఫిర్యాదు

విజయవాడ,
18 నవంబర్ 2024

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: ఇంటి బీమా పాలసీలో సామాన్ల క్లెయిమ్‌ను రూ.2,40,000 నుంచి రూ.72,000కు తగ్గించడంపై ఫిర్యాదు.

అయ్యా,

నవంబర్ 6న మీరు పంపిన సెటిల్‌మెంట్ లెటర్, ఆ మొత్తానికి ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టి తిప్పి పంపమన్న డిశ్చార్జ్ వోచర్ అందాయి. ఆ వోచర్ మీద నేను సంతకం పెట్టడం లేదు. ఎందుకు పెట్టడం లేదో చెప్పడానికే ఈ ఉత్తరం. మీ కస్టమర్ కేర్‌కి ఏడుసార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ కొత్తవాళ్ళు ఎత్తుతున్నారు, ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పాల్సి వస్తోంది. అందుకే ఈసారి అంతా ఒకేచోట రాస్తున్నాను. దయచేసి పూర్తిగా చదవండి.

మాది అజిత్‌సింగ్ నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మావారు ఆటోనగర్‌లో పనిచేస్తారు. 2005లో బుడమేరు వాగు పొంగినప్పుడు మా అత్తగారు ఇదే ప్రాంతంలో ఉన్నారు. ఆవిడకి అప్పటి నుంచి వాన గట్టిగా పడితే నిద్ర పట్టదు. హోమ్ లోన్ తీరిపోతుండగా, "ఇంటికి బీమా అంటూ ఒకటి ఉంటుందటగా, అది తీసుకోండమ్మా" అని ముందు అన్నది ఆవిడే. అలా ఈ ఏడాది ఫిబ్రవరిలో నేను మూడు పాలసీలు పక్కపక్కన పెట్టుకుని చూశాను.

మొదటిది లోన్ ఇచ్చిన బ్యాంకు వాళ్ళు చెప్పింది. అది గోడలకూ కప్పుకూ తప్ప లోపలి సామాన్లకు వర్తించదు. నీళ్ళొస్తే ముందు పోయేవి మంచం, ఫ్రిజ్, బట్టలు. అందుకని దాన్ని పక్కన పెట్టాను. రెండోది ఇంకో కంపెనీ సొంత ప్యాకేజీ, ఏడాదికి రూ.1,040. ఇల్లు, సామాన్లు రెండూ ఉన్నాయి గానీ, సామాన్లకు తరుగు, అంటే వాడకంతో తగ్గిన విలువ, తీసేసి మిగిలిందే ఇస్తామని అందులో రాసి ఉంది. మూడోది మీది, భారత్ గృహ రక్ష, జీఎస్టీతో కలిపి రూ.1,390.

మీ ప్రతినిధి మా ఇంటికి వచ్చి రెండు గంటలు కూర్చున్నాడు. ఆ అబ్బాయి గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు, అడిగినవాటికి ఓపిగ్గా జవాబు చెప్పాడు. ఇంటి బీమా అంటే స్థలం విలువతో కలిపి రిజిస్ట్రేషన్ ధర వేయించాలేమో అనుకున్నాను. అక్కర్లేదు మేడమ్, వరదకు నేల ఎక్కడికీ పోదు, తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చుకే బీమా అని అతనే సరిచేశాడు. కార్పెట్ ఏరియా 900 చదరపు అడుగులు, అడుగుకి రూ.2,000 చొప్పున ఇంటికి రూ.18 లక్షలు. అందులో 20 శాతం, అంటే రూ.3,60,000 సామాన్లకు దానంతట అదే వస్తుందని, విడిగా జాబితా ఇవ్వక్కర్లేదని చెప్పాడు. నగలు బ్యాంకు లాకర్లో ఉన్నాయి కాబట్టి వాటికి అదనపు కవర్ తీసుకోలేదు.

అప్పుడు నేను అడిగిన ప్రశ్న ఒక్కటే. పక్క కంపెనీ కంటే రూ.350 ఎక్కువ ఎందుకు కట్టాలి? అతను మూడు పాలసీల పేర్లూ పైన వేసి, గళ్ళు గీసి, మీ పాలసీ కింద రెండు లైన్లు రాశాడు. "పాడైన సామానుకి అలాంటి కొత్తది కొనే ధర. తక్కువకి బీమా చేశారని కోత లేదు." ఆ కాగితం వరదలో నాని ముద్దైపోయింది. దాని ఫోటో నా ఫోన్‌లో ఉంది, జతపరుస్తున్నాను. నేను మిమ్మల్ని ఎంచుకున్నది ఆ రెండు లైన్లు చూసి. మీ పాలసీ పత్రంలో కూడా ఇవే మాటలు ఉన్నాయి. పాడైన వస్తువుకు బాగుచేసే ఖర్చు గానీ, అలాంటిదే కొనే ఖర్చు గానీ ఇస్తామని ఉంది. అసలు విలువ కంటే బీమా మొత్తం తక్కువైనా, ఆ మొత్తం మేరకు పూర్తిగా చెల్లిస్తామని ఉంది. భారత్ గృహ రక్ష మీరు సొంతంగా తయారుచేసిన పాలసీ కాదు. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ తప్పనిసరిగా ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన ప్రామాణిక పాలసీ. దీని షరతులు మీ బ్రాంచి ఇష్టానికి మారేవి కావు.

ఇక వరద సంగతి. సెప్టెంబర్ 1 తెల్లారేసరికి వీధిలో మోకాలి లోతు నీళ్ళున్నాయి. మధ్యాహ్నానికి ఇంట్లో మొలలోతుకి వచ్చాయి. అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి మావారూ, పక్కింటి అబ్బాయీ కలిసి పైపోర్షన్‌లోకి మోసుకెళ్ళారు. మర్నాడు పడవ వస్తే కట్టుబట్టలతో బయటపడి ఏలూరులో మా అక్క వాళ్ళింటికి చేరాం. ఏలూరు వెళ్ళాక, సెప్టెంబర్ 4న మీకు క్లెయిమ్ తెలియజేశాను. ఫోన్ ఎత్తినవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "అది వరద నీరా, డ్రైనేజీ నీరా?" అని. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చి, ఇటు బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్ మునిగిన సంగతి ఊరంతటికీ తెలుసు. ఆ మాటే చెప్పాను.

సెప్టెంబర్ 9న తిరిగొచ్చి తలుపు తీశాం. ఫ్రిజ్ వంటింట్లోంచి తేలుకుంటూ వచ్చి హాల్లో వెల్లకిలా పడి ఉంది. చెక్క అల్మరా ఉబ్బి తలుపులు పట్టేశాయి. గునపంతో తెరిస్తే పట్టుచీరలు ఒకదాని రంగు ఒకదానికి అంటుకుని బురదలో ఉన్నాయి. మా పాప పదో తరగతి నోట్సులు అట్టకట్టిపోయాయి, పేజీ విప్పబోతే చిరిగిపోయింది. గోడ మీద నా భుజం ఎత్తున గీత పడింది, రెండుసార్లు సున్నం వేయించినా ఇప్పటికీ మరక పైకి వస్తూనే ఉంది.

నష్టం లెక్కకట్టే సర్వేయర్ వచ్చేదాకా ఏదీ పారేయొద్దని మీవాళ్ళు చెప్పారు. సర్వేయర్‌ని నియమించినట్టు మెసేజ్ వచ్చింది సెప్టెంబర్ 19న. ఆయన వచ్చింది 21న. అప్పటిదాకా బురద పరుపులు డాబా మీద పెట్టుకున్నాం. ఆ కంపు భరించలేక పక్కవాళ్ళు వచ్చి గొడవపడ్డారు, వాళ్ళని తప్పుపట్టలేను. వీధిలో అందరి సామాన్లూ కార్పొరేషన్ ట్రాక్టర్లు ఎత్తుకెళ్ళిపోయాయి, మా ఇంటి ముందు మాత్రం కుప్ప అలాగే ఉండిపోయింది. క్లెయిమ్ తెలిసిన 24 గంటల్లో సర్వేయర్‌ని పెట్టాలి, ఆయన 15 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, అది అందిన 7 రోజుల్లో మీరు నిర్ణయం చెప్పాలి. 2024లో ఐఆర్‌డీఏఐ పెట్టిన గడువులు ఇవి. మీకు పట్టింది సర్వేయర్‌ని పెట్టడానికి 15 రోజులు, రిపోర్టుకి 29 రోజులు, నిర్ణయానికి 19 రోజులు. ఊరు ఊరంతా మునిగినప్పుడు రెండు మూడు రోజులు అటూ ఇటూ అయితే నేను అర్థం చేసుకుంటాను. రెండు నెలలు ఎలా అర్థం చేసుకోను?

ఇంటి మరమ్మతులకు, అంటే ప్లాస్టరింగ్, వైరింగ్, తలుపులకు మీరు ఒప్పుకున్న రూ.96,000పై నాకు అభ్యంతరం లేదు. ఇల్లు ఉండటానికి పనికిరానప్పుడు వేరే చోట అద్దె కూడా పాలసీలో వస్తుందని తెలుసు. మేం అక్క వాళ్ళింట్లో ఉన్నాం, అద్దె కట్టలేదు కాబట్టి అది అడగలేదు. నా ఫిర్యాదంతా సామాన్ల లెక్క గురించి.

ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచాలు, పరుపులు, సోఫా, అల్మరా, గ్రైండర్, మిక్సీ, స్టవ్, ఇన్వర్టర్, కూలర్, బట్టలు, పుస్తకాలు అన్నీ కలిపి రూ.2,40,000. ఇవి షాపుల్లో రాయించుకొచ్చిన కొటేషన్లు. ఎక్కడా పెద్ద మోడల్ అడగలేదు, పోయిన సైజే అడిగాను. సర్వేయర్ గారు ఒక్క వస్తువునీ కాదనలేదు. మొత్తానికి 50 శాతం తరుగు తీసేసి రూ.1,20,000 చేశారు. మే నెలలో కొన్న పరుపుకీ, నా పెళ్ళప్పటి మంచానికీ ఒకటే 50 శాతం! తర్వాత, మా ఇంట్లో సామాన్ల విలువ మొత్తం రూ.6,00,000 ఉంటే బీమా రూ.3,60,000కే ఉంది, అంటే 60 శాతమే, కాబట్టి నష్టంలో కూడా 60 శాతమే ఇస్తామని రూ.72,000 చేశారు.

ఆ 6 లక్షలు ఎక్కడివో చెబుతాను. సర్వేయర్ గారు టీ తాగుతూ, "మేడమ్, ఇంట్లో ఉన్న మొత్తం సామాను ఇవాళ కొత్తగా కొనాలంటే ఎంతవుతుందంటారు?" అని అడిగారు. గోడకి పైన ఉండి బతికిపోయిన టీవీ, ఏసీ, అటక మీది ఇత్తడి సామాను, పైపోర్షన్‌లోకి మోసినవి అన్నీ కలిపి నిజాయితీగా ఆరు లక్షలు అవుతుందని చెప్పాను. ఆ మాట పట్టుకుని నా మీదే కోత వేశారు.

అయ్యా, కోత ఉండదని పాలసీలో ఉన్నాక ఆ లెక్కే తప్పు. అది పక్కన పెట్టినా, మీరు వేసిన లెక్క మీ లెక్కకే నిలబడదు. పోయిన సామానుకి విలువ కట్టేటప్పుడు పాత ధర వేశారు. ఇంట్లో మొత్తం సామాను ఎంతుందో కట్టేటప్పుడు కొత్త ధర వేశారు. ఒకే ఇల్లు, ఒకే సామాను, ఒకే రిపోర్టు. రెండు చోట్లా పాత ధరే వేస్తే 6 లక్షలు కాస్తా 3 లక్షలవుతుంది, నా బీమా రూ.3,60,000 దానికంటే ఎక్కువే, అప్పుడు తక్కువకి బీమా చేశారనే మాటే పుట్టదు. రెండు చోట్లా కొత్త ధర వేస్తే నష్టం రూ.2,40,000 అవుతుంది, తరుగు మాట పుట్టదు. రెండు కోతలూ కలిసి రావాలంటే పైన ఒక ధర, కింద ఒక ధర వేయాలి. ఎనిమిదో తరగతి పిల్లలు నిష్పత్తుల లెక్కలో పైన మీటర్లు, కింద సెంటీమీటర్లు వేసి తెస్తే నేను కొట్టేసి మళ్ళీ చేయమంటాను. ఈ రిపోర్టు మీ ఆఫీసులో ఎన్ని టేబుళ్ళు దాటి నా దాకా వచ్చిందో గానీ, ఒక్కరూ దీన్ని పట్టుకోలేదంటే నాకు చాలా బాధగా ఉంది.

ఇది ఫోన్‌లో చెబితే మీ క్లెయిమ్స్ విభాగంలో ఒకరు, "ప్రభుత్వం కూడా పాతిక వేలు ఇచ్చిందిగా మేడమ్" అన్నారు. గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇళ్ళకు రాష్ట్ర ప్రభుత్వం రూ.25,000 ఇచ్చిన మాట నిజమే. అది ఏ పాలసీ లేని ఇళ్ళకూ ఇచ్చారు. మా పక్కింటివాళ్ళకి ఆ పాతిక వేలు తప్ప ఇంకేమీ రాలేదు. నేను మీకు ప్రీమియం కట్టింది ఆ సాయం మీద ఆధారపడకూడదనే. ఆ మాట అన్నవాళ్ళ మీద చర్య తీసుకోమని అడగను. కానీ వరద బాధితులతో అలా మాట్లాడొద్దని చెప్పండి.

ఇంకో విషయం నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. మా స్కూల్లో ఇద్దరు టీచర్లు, ఒకరిది పాయకాపురం, ఒకరిది కండ్రిక, మార్చిలో నన్ను అడిగి, నేను చూపించిన ఆ గళ్ళ కాగితం చూసి మీ దగ్గరే పాలసీ తీసుకున్నారు. నా మాట మీద తీసుకున్నారు. వాళ్ళ క్లెయిమ్‌లు కూడా మీ దగ్గరే ఉన్నాయి. వరద తర్వాత మా వీధిలో చాలామంది ఏ పాలసీ మంచిదని నన్ను అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలియక ఊరుకుంటున్నాను.

నేను అడుగుతున్నది ఇది. సామాన్ల క్లెయిమ్‌ను పాలసీ షరతుల ప్రకారం, తరుగు, అండర్ ఇన్సూరెన్స్ (తక్కువకి బీమా చేశారనే) కోతలు లేకుండా రూ.2,40,000కు మళ్ళీ లెక్క కట్టండి. ఇంటి మరమ్మతుల రూ.96,000లో వివాదం లేదు కాబట్టి, సామాన్ల సంగతి తేలేదాకా ఆపకుండా దాన్ని వెంటనే ఖాతాలో వేయండి. మేస్త్రీకి ఇంకా బాకీ ఉన్నాం. ఆలస్యానికి నిబంధనల ప్రకారం బ్యాంక్ రేటుపై 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వండి. సర్వేయర్ రిపోర్టు పూర్తి కాపీ నాకు పంపండి, ఇప్పటిదాకా చివరి పేజీ మాత్రమే ఇచ్చారు. కోతలు వేయడం మీకు న్యాయమే అనిపిస్తే, పాలసీలో ఏ క్లాజు ప్రకారం వేశారో దాని నంబరుతో సహా రాతపూర్వకంగా చెప్పండి. "కంపెనీ పద్ధతి" అన్న జవాబు నాకు వద్దు. నా ఇద్దరు సహోద్యోగుల క్లెయిమ్‌లలో కూడా ఇదే లెక్క వేసి ఉంటే, వాళ్ళు ఉత్తరం రాసేదాకా ఆగకుండా మీరే సరిచేయండి.

ఈ ఉత్తరం అందిన నెల రోజుల్లో సరైన జవాబు రాకపోతే బీమా వివాదాలు తేల్చే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేస్తాను. అక్కడ ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ వారి ఫిర్యాదుల వెబ్‌సైట్ బీమా భరోసా పోర్టల్‌లో ఈ రోజే నమోదు చేస్తున్నాను. పగలు స్కూల్లో ఉంటాను కాబట్టి ఫోన్ చేయాలంటే సాయంత్రం అయిదు తర్వాత చేయండి.

జతపరిచినవి: పాలసీ పత్రం, మీ ప్రతినిధి రాసిన కాగితం ఫోటో, సెప్టెంబర్ 9 నాటి ఇంటి ఫోటోలు 41, కొటేషన్లు, సంతకం పెట్టని డిశ్చార్జ్ వోచర్.

ఇట్లు,
మీ పాలసీదారు,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ