డబ్బా మీద ఒక మాట, మీటింగులో ఒక మాట

రాష్ట్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

అయ్యా,

అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల ఊళ్ళలో ప్రోటీన్ పొడులు, కాల్షియం బిళ్ళలు, నోని రసాలు, జుట్టు మాత్రలు ఇంటింటికీ అమ్మేవాళ్ళం మేం. మేం కంపెనీ ఉద్యోగులం కాదు, మాకొచ్చేది కమీషనే. అయినా కంపెనీ సరుకు గురించి జనం వినే మాట మా నోటి నుంచే వస్తుంది. పేచీ అంతా ఆ మాట దగ్గరే ఉంది.

2021 డిసెంబరు 28న వెలువడిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు మాకు గట్టి హద్దులే పెట్టాయి, పెట్టాల్సిందే. గుర్తింపు కార్డు ఉండాలి, ముందుగా చెప్పకుండా ఎవరి గడపా తొక్కకూడదు. కంపెనీ ఆమోదించని కాగితం చేతికివ్వకూడదు. కంపెనీ అనుమతించని గుణం ఒక్కటి కూడా చెప్పకూడదు. కానీ ఆ అనుమతించిన మాటలేమిటో తెలుగులో రాసున్న కాగితం మా చేతికి రాదు. మాకు దొరికేవి రెండే: డబ్బా మీద చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు, ఆదివారం కల్యాణ మండపంలో అప్‌లైన్, అంటే మమ్మల్ని ఇందులో చేర్చిన పైవాళ్ళు, చెప్పే ఉపన్యాసం. మందుగా వాడరాదని డబ్బా చెబుతుంది. మూడు నెలల్లో షుగరు దిగిపోద్దని మైకు చెబుతుంది. జనానికి చేరేది మైకు మాటే.

ఆ మీటింగుల్లో ఏం చూపిస్తారో మీ అధికారులు ఒకసారి కళ్ళారా చూడాలి. గ్లాసుడు నీళ్ళలో బెటాడిన్ చుక్కలు వేసి, ఎర్రబడ్డాక వాళ్ళ పొడి చిటికెడు కలుపుతారు. రంగు చటుక్కున విరిగిపోతుంది. "ఒంట్లో విషాలనీ ఇలాగే కడిగేస్తుంది" అంటారు. జరిగిందల్లా పొడిలోని విటమిన్ సి బెటాడిన్‌లో ఉన్న అయోడిన్‌ను రంగులేని అయొడైడ్‌గా మార్చడమే. నిమ్మచెక్క పిండినా రంగు పోతుంది. కాళ్ళు పెడితే ఒంట్లో విషం లాగేస్తుందనే పాదాల డిటాక్స్ టబ్బు సంగతీ అంతే. ఉప్పునీళ్ళలో ఇనుప కడ్డీలకు కరెంటిస్తే కడ్డీలు తుప్పుపట్టి నీళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి. ఎవరి కాళ్ళూ పెట్టకుండా ఆ మిషను పావుగంట ఆడించి చూడమనండి, ఒంట్లోంచి వచ్చిందన్న విషం ఎక్కడిదో తేలిపోతుంది.

"నోటిమాటే కదా, ప్రకటన కాదు కదా" అని పైవాళ్ళు ధైర్యం చెబుతుంటారు. అది తప్పు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నోటితో చేసిన ప్రచారాన్నీ ప్రకటనగానే లెక్కిస్తుంది. డయాబెటిస్, బీపీ, క్యాన్సర్, పక్షవాతం, కిడ్నీ రాళ్ళు, స్థూలకాయం, ఆడవాళ్ళలో సంతానలేమి, చివరికి మనిషి ఎత్తు కూడా, మందుతో తగ్గిస్తామని, మారుస్తామని ప్రచారం చేయకూడని ఆ చట్టం జాబితాలో ఉన్నాయి. తిండి పదార్థమైనా సరే, జబ్బు నయం చేస్తుందని చెప్పి అమ్మితే దాన్ని మందుగా చూసే వీలు అదే చట్టంలో ఉంది. మొదటిసారి శిక్ష పడితే ఆరు నెలల దాకా జైలు. తప్పుదోవ పట్టించే ఆహార ప్రకటనకు ఆహార భద్రతా చట్టం 53వ సెక్షన్ కింద 10 లక్షల దాకా జరిమానా. వాట్సాప్‌లో ఒక వీడియో ముందుకు తోసిన డ్వాక్రా సంఘం ఆవిడకు ఇవేవీ తెలియవు. తెలిసి కూడా చెప్పేవాళ్ళు మాలో లేరని మేం అనడం లేదు.

లైసెన్సు నంబరునూ మందుచీటీలా చూపిస్తారు. దేశంలో ఆహార భద్రతను చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు ఆ వ్యాపారానికి అనుమతి ఉందని చెబుతుంది. ఆ పొడి పనిచేస్తుందని ప్రభుత్వం పరీక్షించి ముద్ర వేసినట్టు కాదు.

ఇక అసలు నష్టం ఎక్కడ జరుగుతుందంటే, చెప్పిన మాట కంటే చెప్పకుండా వదిలేసిన మాట దగ్గర. షుగర్ ఫ్రీ అని రాసుంటే వంద గ్రాముల్లో చక్కెరలు అర గ్రాముకు మించలేదని అర్థం. అందులో మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థపు పొడి ఉంటే లేబుల్ లెక్కలో అది చక్కెర కాదు, నెత్తుట్లో మాత్రం గ్లూకోజులాగే ఎక్కుతుంది. షుగరున్నవాళ్ళకి అది నిశ్చింతగా అంటగడతారు. నోని రసంలో పొటాషియం దాదాపు కమలారసంలో ఉన్నంత ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవారికి పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, అయినా డయాలసిస్ చేయించుకునే ఇంటికే ముందు వెళ్ళమని నేర్పుతారు. జుట్టు మాత్రల్లో బయోటిన్ అనే విటమిన్ మోతాదు ఎక్కువైతే కొన్ని ల్యాబు పద్ధతుల్లో థైరాయిడ్ ఫలితాలు తారుమారవుతాయి, గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్ ఉన్నదానికంటే తక్కువ చూపవచ్చు. మాత్ర వాడుతున్నానని ల్యాబులో, డాక్టరుకీ చెప్పమని అమ్మేటప్పుడే అనాలి. ఆ ముక్క చెప్పేవాళ్ళు అరుదు.

గడప దగ్గర సరైన మాట ఎలా ఉండాలో ఒక్కటి చూపిస్తాం. "ఈ పొడితో నా మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయా అమ్మాయ్?" అని పెద్దావిడ అడుగుతుంది. "ఇది మందు కాదు పిన్నిగారూ, ఆ మాట నేను చెప్పకూడదు. స్కూపుకి ఎన్ని గ్రాముల ప్రోటీనో ఇదిగో ఇక్కడుంది, ఇంతకు మించి తాగకండి. మీ మాత్రలేవీ ఆపకండి, ఈ డబ్బా ఫొటో డాక్టరుగారికి చూపించండి. ఇది అమ్మితే నాకు కమీషన్ వస్తుంది, అదీ తెలుసుకునే కొనండి." ఇలా చెబితే ఆ పూట సరుకు కదలకపోవచ్చు. "నాకు తగ్గింది" అన్న అనుభవం నిజమే అయినా, కమీషన్ తీసుకుంటూ చెబితే అదీ ప్రచారమే.

నిబంధనల ప్రకారం మా మీద, కంపెనీల మీద పర్యవేక్షణ యంత్రాంగం పెట్టాల్సింది రాష్ట్ర ప్రభుత్వమే. ఆ యంత్రాంగం జిల్లాలో మొదట చేయాల్సిన పని ఇది: ఇక్కడ అమ్మే ప్రతి ఆరోగ్య ఉత్పత్తికీ కంపెనీ తెలుగులో ఒకే ఒక్క పేజీ ఇవ్వాలి. అందులో ఏమున్నాయి, రోజుకెంత, ఎవరు వాడకూడదు, అమ్మేవాళ్ళు ఏ వాక్యాలు అనవచ్చు, తేదీ, లైసెన్సు నంబరు, కంపెనీ ఫిర్యాదుల అధికారి ఫోను, కింద 1915 వినియోగదారుల హెల్ప్‌లైను పెద్ద అంకెల్లో. ఒక ప్రతి జిల్లా ఆహార భద్రతా అధికారి దగ్గర, ఒకటి కొన్నవారి రసీదుకు జతగా. అందులో లేని మాట ఎవరైనా అంటే, అప్పుడు తప్పు ఎవరిదో వెతుక్కోనక్కర్లేదు.

మీటింగుల్లో చూపే స్లయిడ్లు, వీడియోలకూ ఇదే పద్ధతి పెట్టండి, కంపెనీ సంతకం లేనిది తెర మీదికి రాకూడదు. ఫిర్యాదు వచ్చినప్పుడు వాట్సాప్ గొలుసులో ఆఖరున దొరికినామెతో కాకుండా, ఆ వీడియో తయారుచేసిన వాళ్ళతో విచారణ మొదలుపెట్టించండి.

ఇట్లు,
కోనసీమ, పశ్చిమగోదావరి జిల్లాల డైరెక్ట్ సెల్లర్లు కొందరు